వంతెన కింది గుంట

మా ఊళ్లో స్కేట్‌బోర్డు ఎప్పుడు మొదలైందని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. అడిగేవాళ్లు జవాబు కోసం అడగరు. వాళ్ల దగ్గర జవాబు ముందే ఉంటుంది. పెద్ద బజారులో అద్దాల షాపు పెట్టినాయన బయటి దేశం నుంచి బోర్డులు తెప్పించి అమ్మిన రోజే ఈ ఆట ఇక్కడ పుట్టిందని వాళ్ల లెక్క. టీవీ వాళ్లు ఆయన్నే కూర్చోబెట్టి అడుగుతారు. ఆయన కాలు మీద కాలు వేసుకుని, "అప్పట్లో ఇక్కడ దాని పేరు కూడా ఎవరికీ తెలియదండీ" అంటాడు. అలా అంటున్నప్పుడు ఆయన వెనకాల గోడ మీద ఒక పెద్ద ఫొటో కనిపిస్తుంది. ఆ ఫొటోలో ఉన్న గుంట మాది.

నేను సిటీ బస్సు నడుపుతాను. యూనిఫాంలో ఉన్నంతసేపూ పోలీసులు నన్ను మేడమ్ అంటారు. అదే యూనిఫాం విప్పి బోర్డు చంకన పెట్టుకుంటే "ఏయ్, ఎక్కడికే" అంటారు. మా రూటు ఆ గుంట పైనున్న వంతెన మీదుగానే పోతుంది. నా బస్సు వెనక ఒక కూల్‌డ్రింకు ప్రకటన అంటించారు. బోర్డు మీద గాల్లోకి లేచిన అమ్మాయి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ ఉంటుంది. ఆ బొమ్మను మోసుకుంటూ వంతెన దిగి సిగ్నల్ దగ్గర ఆగితే, ఎదురుగా స్తంభం మీద నగరపాలక సంస్థ వారి హెచ్చరిక: ఇక్కడ స్కేటింగ్ చేసినవారు శిక్షార్హులు. ఇన్నేళ్లుగా ఆ రెండింటి మధ్య కూర్చుని హారన్ కొడుతున్నాను. పిచ్చెక్కకుండా ఎలా ఉన్నానో నాకే తెలియదు.

ఈ ఆట ఎక్కడో సముద్రం ఒడ్డున పుట్టిందట. పలకల మీద అలలెక్కి ఆడేవాళ్లు, అలలు లేని రోజుల్లో కాళ్లు ఊరుకోక, రోలర్ స్కేట్ల చక్రాలు ఊడదీసి చెక్కకు కొట్టుకున్నారట. ఆ చక్రాలకు చిన్న గులకరాయి అడ్డం వచ్చినా మనిషి ఎగిరిపడేవాడు. తర్వాత నేలను పట్టుకునే మెత్తటి చక్రాలు వచ్చాయి. ఒక ఏడాది వానల్లేక ఈతకొలనులు ఎండిపోతే, గోడలు దూకి వాటిలోకి దిగి ఆడారు. అంటే మొదటి నుంచీ ఇది ఎవరో వద్దని వదిలేసిన చోట, ఎవరో ఒకరు తరుముతుండగా ఆడిన ఆటే. ఇదంతా నేను తర్వాతెప్పుడో తెలుసుకున్నాను. అవేవీ తెలియకుండానే మేమూ అచ్చం అలాగే చేశాం.

మా వీధి చివర సైకిల్ షాపులో పనిచేసే పొడుగోడు ఏదో పాత పత్రికలో ఒక బొమ్మ చూశాడు. చెల్లెలి రోలర్ స్కేటు ఒకటి తీసుకుని మధ్యకు కోసి, తలుపు చెక్క కింద ముందొక ముక్క, వెనకొక ముక్క బిగించాడు. దానికోసం చెల్లెలు వాణ్ని చీపురుతో కొట్టింది. అదే మా ఊరి మొదటి బోర్డు. మూతపడ్డ సినిమా హాలు ముందు కార్లు దిగే వాలు మీద మేం దాన్ని వంతులేసుకుని ఎక్కాం. నాకప్పుడు పదహారేళ్లు. అక్కణ్నించి తరిమితే కోర్టు మెట్ల మీదికి పోయాం. అక్కడ పాలరాతి అంచుకు కొవ్వొత్తి రుద్దితే బోర్డు నూనె పూసినట్టు జారేది. గార్డులు కర్రలు పట్టుకొచ్చారు. మేం పరిగెత్తాం. మర్నాడు మళ్లీ వచ్చాం. చివరికి మమ్మల్ని ఆపలేక ఆ అందమైన అంచుల నిండా ఇనుప గుబ్బలు కొట్టించారు. ఇప్పుడక్కడ మేమే కాదు, కాళ్ల నొప్పులతో వచ్చిన ముసలివాళ్లు కూడా కూర్చోలేరు.

అప్పుడే ఈ వంతెన కడుతున్నారు. ఒక స్తంభానికి పునాది తవ్వి, తీరా తవ్వాక దాని చోటు మార్చారు. తవ్విన గుంటను పూడ్చడం ఎవరి పనో తేలక అలాగే వదిలేశారు. సాయంత్రాలు కాంక్రీటు లారీలు తిరిగి వెళ్లేటప్పుడు డ్రమ్ము అడుగున కొంత మిగిలేది. దాన్ని ఎక్కడో ఒకచోట పారబోయకపోతే లోపలే బిగుసుకుపోతుంది. పొడుగోడు ఆ డ్రైవర్ల కాళ్లావేళ్లా పడి, మిగిలిందంతా మా గుంటలో పోయించాడు. వంచిన ప్లైవుడ్ ముక్క ఆనించి గోడలకు వంపు తీర్చింది మేం. చేతులు పొక్కులెక్కితే బస్తా గుడ్డలు చుట్టుకున్నాం. బోర్డు జారేలా అంచుకు బిగించిన ఇనప పైపు మాత్రం ఎక్కణ్నించి వచ్చిందో నేను చెప్పను.

ఆ గుంటలో ఎంతమంది నేర్చుకున్నారో నాకు లెక్క తెలియదు. మోకాళ్లు అరిగిన పొడుగోడు ఇప్పుడు ఊరి అవతల చెప్పుల షాపులో కూర్చుంటున్నాడు. వాడి తర్వాత వచ్చినవాళ్లు క్లబ్బులు పెట్టారు, పోటీలు పెట్టారు, కొందరు ప్రకటనల్లోకి ఎక్కారు. షాపులు వచ్చాయి. మాల్ పైఅంతస్తులో టికెట్టు కొనుక్కుని ఆడే చోటు కూడా వచ్చింది. టికెట్టు కొనలేనివాళ్లు గుంటకు వస్తారు. ఇప్పుడు వచ్చేవాళ్లలో సగం మంది ఆడవాళ్లే. డ్యూటీ దిగి నేరుగా వచ్చే నర్సు ఒకతి ఉంది. ఏడాదిగా పడుతూనే ఉంది, లేస్తూనే ఉంది. "ఆస్పత్రిలో అందరినీ నేను లేపాలక్కా. ఇక్కడ నన్ను నేనే లేపుకుంటే చాలు" అంటుంది.

అలాంటి గుంటను పూడ్చి కార్ల పార్కింగ్ చేస్తామన్నారు.

అభ్యంతరాలుంటే చెప్పుకోమని నగరపాలక సంస్థ వాళ్లు ఒక హాల్లో మీటింగ్ పెట్టారు. వెళ్లి చెప్పుకున్నాను. చెప్పుకోవడం ఏమిటి, అరిచాను. కుర్చీల్లో ఉన్నవాళ్లు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఒకాయన తలెత్తి, "ఆట స్థలమంటే అనుమతి ఉండాలమ్మా. అనుమతి లేని గుంటను గుంట అనే అంటాం" అన్నాడు. వాళ్లంతా నవ్వారు. నా నెత్తిన నీళ్లు పోస్తే ఆవిరైపోయేవి, అంత వేడి మీదున్నాను.

బయటికొచ్చాక నా వెనకాలే ఒకావిడ వచ్చింది. పాత కట్టడాల శాఖలో అధికారిణి. నా వయసే ఉంటుంది. "ముప్పై ఏళ్లు దాటిన కట్టడమైతే మా శాఖ కిందికి తీసుకోవచ్చు. అప్పుడు పార్కింగ్ ఆగిపోతుంది. కాగితాలేమైనా ఉన్నాయా?" అని అడిగింది.

"దొంగతనంగా కట్టినదానికి కాగితాలెక్కడివి మేడమ్? ఆ గుంటే మా కాగితం."

ఆవిడ నవ్వింది. "సరే, సోమవారం వచ్చి కళ్లారా చూస్తాను. పాతదనం కనిపిస్తే చాలు" అంది.

ఆ మాట విని గాలిలో తేలుతూ ఇంటికి వచ్చాను. గుంటకు ముప్పై ఏళ్లు ఎప్పుడో దాటాయి. పాతదనానికి మా గుంటలో కొదవేమిటి? గోడల నిండా మేకులతో గీసిన పేర్లున్నాయి. రంగు మీద రంగు వేసిన రాతలున్నాయి. మొదట్లో ఇటుక ముక్కలు కుక్కి పూసిన చోట్లు ఇప్పటికీ ఎర్రగా కనిపిస్తాయి. ఎవరు చూసినా ఒక్క చూపులో చెప్పేస్తారు. ఇంట్లో తమ్ముడికి, అమ్మకి, గుంటలో పిల్లలకి, కనిపించిన ప్రతివాళ్లకీ ఒకటే చెప్పాను: సోమవారం కట్టడాల శాఖ పెద్దావిడ గుంట చూడ్డానికి వస్తోందని. మర్నాడే నాకు ఊరికి అవతలి డిపోలో డ్యూటీ వేశారు. అక్కడే విశ్రాంతి గదిలో పడుకుని, ఆదివారం దాకా బస్సు నడిపాను.

మా తమ్ముడి గురించి చెప్పాలి. వాడు టైల్స్ మేస్త్రి. ఎవరింటికి భోజనానికి పిలిచినా ముందు నేల వంక చూస్తాడు, తర్వాతే మనుషుల వంక. ఆస్పత్రిలో మేనత్త చావుబతుకుల మీద ఉంటే, మంచం కింద టైలు ఒకటి లేచిందని నర్సులకు చెప్పి వచ్చిన ఘనుడు. గుంటలో పెరిగినవాడే. చక్రం కింద ఇసుక రేణువంత ఎగుడుదిగుడు తగిలినా వాడికి పళ్లు జివ్వుమంటాయి. పెద్దావిడ వస్తోందని వింటే అలాంటివాడు ఏం చేస్తాడు? ఇంటికి చుట్టాలొస్తున్నారంటే మేస్త్రి ఏం చేస్తాడో అదే చేశాడు.

ఆదివారం సాయంత్రం బస్సు అప్పగించి నేరుగా గుంటకు వెళ్లాను. అంచు దగ్గర నిలబడ్డాను.

గుంట మెరుస్తోంది. ఈ మూల నుంచి ఆ మూల దాకా గీత లేదు, మచ్చ లేదు, పేరు లేదు. గోడలన్నీ మిషన్ పెట్టి పైపైన గీకి, త్వరగా గట్టిపడే సిమెంటు పూసి, అద్దంలా నున్నగా రుద్దారు. చుట్టూ తడి గోనెసంచులు కుప్పగా ఉన్నాయి. తమ్ముడు నెత్తి నుంచి కాళ్ల దాకా బూడిదరంగులో ఉన్నాడు. వాడితో పాటు నర్సు, ఇంకో పదిమందీ అదే రంగులో ఉన్నారు. మా అమ్మ మడత కుర్చీలో కూర్చుని అందరికీ టీ పోస్తోంది.

"ఎలా ఉందక్కా?" అన్నాడు తమ్ముడు. వాడి ముఖం వెలిగిపోతోంది. "గోళీ వేసి చూడు. అడుగు మధ్యకే పోతుంది. ఎటు వేసినా మధ్యకే."

"ఎవడు చెయ్యమన్నాడ్రా నిన్ను?"

"ఎవరూ చెప్పలేదు. పెద్దావిడ వస్తోందన్నావు కదా."

"చూడ్డానికి వస్తోందన్నానురా! పాతది చూడ్డానికి! పాతదని చూపిస్తేనే మిగులుతుంది. నువ్వు దాన్ని నిన్న పుట్టినదాన్ని చేశావు. కొంప ముంచావు కదరా!"

వాడి ముఖం నెమ్మదిగా వాడిపోయింది. నాకు జాలి వేయలేదు. ఇంకా అరిచాను. చేతిలో తాపీ ఉంటే కనిపించినదానికల్లా పూసేస్తావా అన్నాను. పొడుగోడు గీసిన పేరు ఎక్కడుంది, నేను మొదటిసారి పడి పళ్లు రాలగొట్టుకున్న చోటెక్కడుంది అన్నాను. నర్సును కూడా వదల్లేదు. "నువ్వు చదువుకున్నదానివే కదా, నీ బుద్ధేమైంది?" అన్నాను. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది.

అమ్మ కుర్చీలోంచి లేచింది. "ఇక చాలించవే. వాడు పనులు మానుకుని, నడుం వంచి చేశాడు. ఆ సంచులకు నీళ్లు పట్టింది నేను. మురికిగా ఉన్నదాన్ని శుభ్రం చేస్తే తిట్టేదాన్ని నిన్నే చూశాను."

"అది మురికి కాదమ్మా!"

"మరేంటో ముందే చెప్పి ఏడవాల్సింది" అంది అమ్మ, కప్పులు తీసుకుంటూ.

సోమవారం అధికారిణి చెప్పిన సమయానికే వచ్చింది. కారు దిగి, చెప్పులు పక్కన విడిచి అంచు దాకా నడిచింది. ఆ మర్యాదకు నాకు కొంచెం ఆశ పుట్టింది. కాసేపు చూసి నావైపు తిరిగింది.

"ఇది కొత్తది కదండీ?"

నేను నోరు తెరిచేలోగా మా తమ్ముడు ముందుకొచ్చాడు. నిన్నటి తిట్లన్నీ ఎటు పోయాయో. తన పనిని ఎవరైనా మెచ్చుకోబోతున్నారనిపిస్తే వాడికి లోకం కనిపించదు. "అవునండీ, శనివారమే పూత వేశాం, నిన్న నున్నగా రుద్దాం" అన్నాడు.

వాణ్ని ఆ గుంటలోనే పూడ్చిపెట్టాలనిపించింది.

జరిగిందంతా చెప్పాను. ఆవిడ విసుక్కోలేదు. "మీ మాట నమ్ముతాను. కానీ నేను నమ్మితే చాలదు. ఫొటో తీసి పైకి పంపాలి. ఎక్కడైనా ఒకచోట పైపూత తీసి, లోపలిది చూపించగలరా?" అంది.

తమ్ముడి సంచిలోంచి సుత్తి, ఉలి లాక్కుని గుంటలోకి దిగాను. వాడు పరిగెత్తుకొచ్చి గోడకు అడ్డంగా నిలబడ్డాడు. "అక్కా, ఆ వంపు మీద కొట్టకు. బోర్డు అక్కడే తిరుగుతుంది. పక్కన ఎక్కడైనా కొట్టు."

"తప్పుకో."

"అక్కా, దండం పెడతా."

వాణ్ని పక్కకు నెట్టాను. నిన్నటి కోపం, మీటింగ్‌లో నవ్విన నవ్వులు, స్తంభం మీది హెచ్చరిక, షాపాయన ఫొటో, అన్నీ కలిపి కొట్టాను. పెచ్చులు లేచి ముఖానికి తగిలాయి. వాడు చెవులు మూసుకున్నాడు. అరచేయంత గుంత పడింది. అందులో పొరలు కనిపించాయి. పైన వాడి బూడిదరంగు, దాని కింద నీలం, దాని కింద నల్లటి తారులాంటిదేదో, ఇంకా కింద ఎర్ర ఇటుకల పొడి కలిసిన గరుకు కాంక్రీటు. అన్నిటికన్నా అడుగున లారీల్లోంచి పడ్డ మొదటి ముద్ద ఉంది. నా చేతులు పొక్కులెక్కించిన ముద్ద.

అధికారిణి దిగి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. వేలితో ఆ పొరలు తడిమింది. నిజంగానే ఆవిడ కళ్లు మెరిశాయి. "ఎంత బాగుంది" అంది. "ఇది చాలండీ. పార్కింగ్ ఇక రాదు. రక్షిత కట్టడం అయిపోతుంది."

పైనుంచి అందరూ చప్పట్లు కొట్టారు. నర్సు ఈల వేసింది. నా గుండె మీంచి బరువు దిగినట్టయింది. తమ్ముణ్ని దగ్గరికి లాక్కోబోయాను కూడా.

"ఈ గుంతకు అద్దం బిగిద్దాం" అంటోంది ఆవిడ. "చుట్టూ కంచె వస్తుంది. ఇక్కడొక ఫలకం పెడతాం. ఊరి స్కేట్‌బోర్డు చరిత్ర మొత్తం దాని మీద రాయిద్దాం. మీ పేర్లు కూడా."

"కంచె ఎందుకు?"

"రక్షణకు."

"ఎవరి నుంచి?"

ఆవిడ ఇబ్బందిగా చూసింది. మంచి మనిషే. అబద్ధం చెప్పలేకపోయింది. "రక్షిత కట్టడం మీద చక్రాలు తిరగనివ్వరండీ. అరిగిపోతుంది కదా. మీవాళ్లు ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు. ప్రవేశం ఉచితమే."

చప్పట్లు ఆగిపోయాయి. కోర్టు మెట్ల దగ్గర గార్డులు కర్రతో తరిమినప్పుడు కూడా నాకింత కోపం రాలేదు. వాళ్లు పొమ్మన్నారు, అంతే. చేతులు కట్టుకుని నిలబడి మమ్మల్ని మేమే చూసుకోమనలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఆవిడ మీద అరవలేకపోయాను. అరవడానికి ఆవిడ ఏం చేసిందని? తన పని తను చేసింది, మా తమ్ముడిలాగే.

"ఒరేయ్, సిమెంటు మిగిలిందా?" అన్నాను.

తమ్ముడు నావంక భయంగా చూశాడు. "అర బస్తా ఉంది. ఎందుకక్కా?"

"కలుపు."

వాడు తట్టలో నీళ్లు పోసి కలిపాడు. నేను రెండు చేతులతో ముద్ద తీసి ఆ గుంతలో కుక్కాను. ముందు ఇటుకల ఎరుపు పోయింది, తర్వాత నలుపు, తర్వాత నీలం.

"ఏం చేస్తున్నారండీ?" అధికారిణి గబగబా దగ్గరికొచ్చింది. "ఆలోచించుకోండి. నేను కొత్తదని రాస్తే యంత్రాలు వస్తాయి. వారం కూడా ఆగరు."

"రానివ్వండి."

"ఇన్నేళ్ల చరిత్ర పోతుంది."

"మేమింకా చావలేదు మేడమ్, అద్దం బిగించి చూపించడానికి. ఈ గుంట పోతే ఇంకో గుంట తవ్వుకుంటాం. లారీలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి, డ్రమ్ముల్లో ఇప్పటికీ మిగులుతూనే ఉంది. మీరు కొత్తదనే రాసుకోండి. శనివారమే కట్టారని రాసుకోండి. మేస్త్రి ఎవరని అడిగితే, ఇదిగో, వీడు."

తమ్ముడు తల దించుకుని తాపీతో రుద్దుతున్నాడు. వాడి చెయ్యి ఒక్కసారి ఆగి మళ్లీ కదిలింది. అధికారిణి పైకెక్కి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. కారు ఎక్కేముందు వెనక్కి తిరిగి చూసింది. నేను చెయ్యి ఊపలేదు.

"ఆరేదాకా ఎవరూ దిగకండి" అన్నాడు తమ్ముడు, మేస్త్రి గొంతుతో. అందరం బోర్డులు ఒళ్లో పెట్టుకుని అంచు మీద కూర్చున్నాం. నేను పళ్లు బిగించుకుని పైన వంతెన మీద పోయే బస్సుల చప్పుడు వింటూ కూర్చున్నాను. నర్సు నా చెయ్యి పట్టుకోబోతే విదిలించాను. కాసేపటికి నేనే పట్టుకున్నాను.

తమ్ముడు వేలితో నొక్కి చూసి తలూపాడు. అందరికంటే ముందు నేను దిగాను. కోపమంతా కాళ్లలోకి తోసి ఆ వంపు ఎక్కాను, దిగాను, మళ్లీ ఎక్కాను. మేం పూడ్చిన చోటు మీదుగా వెళ్లినప్పుడు చక్రాలకు ఏమీ తెలియలేదు.